పిల్లల గదికి లక్షా నలభై వేలు పెట్టొచ్చంటారా? చేయించినవాళ్లు చెప్పండి

మియాపూర్_నాన్న:
అందరికీ నమస్తే. కొత్త ఫ్లాట్‌లోకి మారుతున్నాం. బాబుకి ఏడేళ్లు, పాపకి నాలుగు. 10 బై 11 గది ఇద్దరికీ ఇద్దామనుకున్నాం. ఇంటీరియర్ ఆయన 1,40,000 చెప్పాడు. అందులో కారు ఆకారం మంచం, గోడంతా గ్రహాలూ రాకెట్లూ ఉన్న వాల్‌పేపర్, సీలింగ్‌కి నక్షత్రాల లైట్లు, తలుపుల అల్మారా. "పిల్లల్లో క్రియేటివిటీ బాగా పెరుగుతుంది సార్" అన్నాడు. మా ఆవిడకి నచ్చేసింది. డబ్బు సంగతి అటుంచితే నాకు ఒకటే అనుమానం. గదిలో ఉన్నవన్నీ ఆయనే ఊహించేశాక, ఇక వీళ్లు ఊహించుకోవడానికి ఏం మిగులుతుంది? చేయించినవాళ్లూ, వద్దనుకున్నవాళ్లూ మీ అనుభవం చెప్పండి.

పాలకొల్లు_పిల్ల:
మూడేళ్ల కిందట చేయించామండి. మాది కారు కాదు, కోట. మెట్లు, చిన్న జారుడుబల్ల, పైన జెండా. మొదటి నెల అపార్ట్‌మెంట్ పిల్లలంతా మా ఇంట్లోనే. రెండో నెల నుంచి ఆ జారుడుబల్ల మీద నేను తడి తువ్వాళ్లు ఆరేస్తున్నాను. కోట ఎప్పుడూ కోటే కదండీ. మా పాపకి ఓ రోజు బస్సు కావాలి, ఓ రోజు ఆసుపత్రి కావాలి. అవన్నీ డైనింగ్ టేబుల్ కింద దుప్పటి కట్టుకుని ఆడుతుంది. గుజ్జనగూళ్లూ అక్కడే. మొన్న టేబుల్ కింద "అద్దెకు ఇల్లు" అని కాగితం అంటించింది. అడ్వాన్స్ అడిగితే రెండు బిస్కెట్లట.

గీతలు_గీసేవాణ్ణి:
నేను ఆర్కిటెక్ట్‌ని, కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకుని వినండి. మీ అనుమానం సరైనదే. సోరెన్‌సెన్ అని డెన్మార్క్‌లో ఒక ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ఉండేవాడు. తాను ముచ్చటగా గీసిన ఆటస్థలాలు వదిలేసి, పిల్లలు ఇళ్లు కట్టేచోట, పాడుబడ్డ జాగాల్లో ఆడుకోవడం చూశాడు. 1943లో, జర్మన్ల ఆక్రమణ నడుస్తుండగానే, కోపెన్‌హాగన్ పక్కన ఎమ్‌డ్రప్‌లో పలకలూ ఇటుకలూ తాళ్లూ పడేసిన స్థలాన్ని పిల్లలకిచ్చారు. తుక్కు ఆటస్థలం అన్నమాట. తర్వాత 1971లో సైమన్ నికల్సన్ అనే ఆయన దీన్నే సిద్ధాంతంగా రాశాడు. విడి సామాన్లు ఎంత ఎక్కువుంటే, ఎన్ని రకాలుగా కదిపే వీలుంటే, పిల్లలు అంత కొత్తగా కనిపెడతారని.

మీ గదికి నేనైతే ఏం చేస్తానంటే, అల్మారాకి తలుపులు తీసేస్తాను. రెండున్నర అడుగుల లోపే అరలు, పాప చెయ్యి అందాలి. ఒక గోడకి నేల నుంచి నాలుగడుగుల వరకు బ్లాక్‌బోర్డ్ పెయింట్. దుప్పటి తగిలించుకోవడానికి గోడలకి గట్టి కొక్కేలు ఐదారు. మంచం మామూలు మంచం. అంతే. దీనికి నన్ను పిలిచినా ఫీజు అడగడానికి సిగ్గుపడతాను.

ఓరుగల్లు79:
అన్నా, నాది గది ముచ్చట కాదు గని చెప్తా. పోయిన ఎండాకాలం మా పిల్లల్ని ఊరికి తోల్కపోయిన. ముంజలు తిన్నంక రెండు కాయలు పక్కకు పెట్టి, నడిమిట్ల పుల్ల గుచ్చి, పంగలకర్రతోని బండి చేసిచ్చిన. మా పెద్దోడు తొమ్మిదేండ్లు. వాడి మొదటి ప్రశ్న "డాడీ, బ్రేకేది?"

లేదు బిడ్డా అన్న. గంటసేపు కనవడలే. తెగిన రబ్బరు చెప్పు ముక్క పట్కొచ్చి పంగలకర్రకు దారంతోని కట్టిండు. కర్ర లేపితే ముక్క పోయి కాయకు తగుల్తది, బండి ఆగుతది. కొంచెం ఎక్కువ లేపితే బండే బోర్ల పడతది, అది వేరే సంగతి. మేం చిన్నప్పుడు వందల బండ్లు చేసినం, మాకెవ్వరికీ బ్రేకు సోయి రాలే. సందుల్ల కార్లు లేకుండె మరి. వీడు రోజూ ట్రాఫిక్ చూస్తడు.

మియాపూర్_నాన్న:
@ఓరుగల్లు79 అన్నా, ఇది చదివి గట్టిగా నవ్వాను, ఆఫీసులో అందరూ చూశారు.

నిజం_మాట్లాడతా:
అందరూ కవిత్వం బాగా చెబుతున్నారు. తాళ్లు, అట్టముక్కలు, ఇటుకలు గదిలో పెడితే బొద్దింకలు ఎవరు చూస్తారు? పనమ్మాయి మూడో రోజు మానేస్తుంది. మా ఇంట్లో ఏడాది పాటు "క్రియేటివ్ కార్నర్" నడిపాం. సగం రోజులు నేను ఫెవికాల్ గీకడంతోనే సరిపోయింది. పిల్లాడేమో టీవీ ముందు.

గీతలు_గీసేవాణ్ణి:
@నిజం_మాట్లాడతా ఒప్పుకుంటున్నాను. అందుకే మూతున్న పెద్ద డబ్బాలు రెండు. అవి నిండితే కొత్తది రావాలంటే పాతది పోవాలి, ఏది పోవాలో పిల్లలే తేల్చుకోవాలి. మా ఇంట్లో ఆ పంచాయితీ ప్రతి ఆదివారం. ఆటకంటే అదే ఎక్కువసేపు నడుస్తుంది.

నైట్‌డ్యూటీ_నర్సు:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. తాళ్లు అన్నారు కాబట్టి. నాలుగేళ్ల పాప ఉన్న గదిలో పొడుగు తాళ్లు ఎవరూ లేనప్పుడు వదిలేయకండి, మెడకి చుట్టుకుంటాయి. బాల్కనీ గ్రిల్ దగ్గర అసలే వద్దు. పాత బొమ్మలు విప్పించేటప్పుడు బటన్ బ్యాటరీలు ముందే తీసేయండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. చిన్న అయస్కాంతాలూ అంతే ప్రమాదం. మూడేళ్లలోపు పిల్లలుంటే టిష్యూ రోల్ గొట్టంలోంచి దూరే వస్తువేదీ కింద ఉండకూడదు. ఇవి సర్దేశాక మీ ఇష్టం, ఆడనివ్వండి.

బెజవాడ_లక్ష్మి:
మాకు కొండపల్లి పక్కనే కదా, సెలవుల్లో బాబుని బొమ్మల కాలనీకి తీసుకెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన ఎద్దు కాళ్లు విడిగా, ఒళ్లు విడిగా తెల్ల పొణికి కర్రతో చెక్కి, మక్కుతో అంటిస్తున్నారు. మక్కు అంటే చింతపిక్కల పొడీ, రంపపు పొట్టూ కలిపిన ముద్ద. మా వాడి కళ్లు దాని మీదే.

ఇంటికొచ్చాక ఒకటే పోరు. సరేనని చింతపిక్కలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి మిక్సీలో వేశాను (మిక్సీ జారు సంగతి అడగొద్దు). వడ్రంగి దగ్గర పొట్టు తెచ్చి జల్లించి, ఉడికించిన పిక్కల జిగురులో కలిపి చపాతీ ముద్దలా పిసికాం. మొదటిసారి నీళ్లెక్కువై జారిపోయింది. రెండోసారి కుదిరింది. దసరా కొలువులో విరిగిన బొమ్మలన్నీ బయటికి తీశాడు. ఎద్దుకి కాలు అంటించాడు, వెనక్కి తిప్పి. నేను సరిచేయబోతే "అది వెనక్కి నడిచే ఎద్దమ్మా" అన్నాడు. తల లేని పోలీసుకి చిలక తల పెట్టాడు. ఆ ఏడు కొలువులో మా అత్తగారు ఆ చిలక పోలీసుని దశావతారాల పక్కనుంచి తీయించడానికి ఎంత ప్రయత్నించారో! చివరికి మెంతులు చల్లి మొలకెత్తించిన పార్కు ఉంటుంది కదా, అందులో వాచ్‌మన్ ఉద్యోగం ఇచ్చారు.

బల్లపంతులు:
శ్రీకాకుళం వైపు ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. నా తప్పొకటి చెబుతాను. మూడో తరగతి పిల్లల్ని "మీకు నచ్చిన బొమ్మ వేయండి" అన్నాను. 28 మందిలో 26 మంది ఒకటే వేశారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కిందకి నది, పక్కన ఇల్లు, కొబ్బరిచెట్టు. మీరందరూ వేసిందే. మా ఊరికి కొండా లేదు, నదీ లేదు. ఎక్కడిదిరా ఇది అనుకుంటే, జూన్‌లో బోర్డు మీద నేను వేసి చూపించిందే!

తర్వాతి వారం బోర్డు ముట్టుకోలేదు. "మీ ఇంటి నుంచి బడికొచ్చే దారి వేయండి, దారిలో భయం వేసే చోటు ఎక్కడో నాకు తెలియాలి" అన్నాను. ఒక్కటి ఇంకోదానిలా లేదు. ఒకడు కుక్క ఉండే మలుపుని కాగితం సగం మేర నల్లగా నింపేశాడు. ఒక పిల్ల చేతిపంపుని ఇంటికన్నా పెద్దదిగా వేసింది. ఎందుకమ్మా అంటే "అక్కడే ఎక్కువసేపు ఉంటాను మాస్టారూ" అంది.

ఇంకోటి, ఖర్చు లేనిది. సైకిల్ షాపులో వాల్‌ట్యూబు (సన్నటి రబ్బరు గొట్టం) కొని సెంటీమీటరు ముక్కలు కోసి, మందు గీకేసిన అగ్గిపుల్లలు గుచ్చితే కీళ్లు తయారు. మూడు పుల్లలతో త్రిభుజం బిగుసుకుంటుంది, నాలుగు పుల్లల చతురస్రం ఊగుతుంది. ఇది అరవింద్ గుప్తా గారి పద్ధతి. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, 1978లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ సైన్సు కార్యక్రమంలో పల్లె బడుల కోసం మొదలుపెట్టారు. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. మా పిల్లలు చతురస్రం ఊగకుండా అడ్డపుల్ల పెట్టాలని వాళ్లంతట వాళ్లే కనుక్కున్నారు. నేను చెప్పేద్దామని మూడుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను. ఆ నోరు మూసుకోవడమే కష్టమైన పనండి.

డాలస్_అమ్మ:
మా వాడు లెగో సెట్లు పుస్తకం చూసి గంటలో కట్టేసి అద్దాల బీరువాలో పెట్టేస్తాడు. ముట్టుకోనివ్వడు. ఎనిమిది బొడిపెల ఇటుకలు ఆరు ఉంటే చాలు, 91 కోట్లకు పైగా రకాలుగా కలపొచ్చట. మా ఇంట్లో ఒక్క రకమే! చివరికి అన్నీ విప్పేసి ఒకే బకెట్లో పోసి పుస్తకాలు దాచేశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు రాకెట్ చక్రాలతో ఇడ్లీ బండి కట్టాడు.

పాపకి మాత్రం మా అమ్మ ఇండియా నుంచి ఏటికొప్పాక లక్కపిడతలు తెచ్చింది. అంకుడు కర్ర, లక్క, పసుపు లాంటి చెట్టూచేమా రంగులు కాబట్టి నోట్లో పెట్టుకున్నా నాకు గుండె దడ లేదు. బటన్ నొక్కితే పాటలు పాడే ప్లాస్టిక్ స్టవ్ కూడా ఉంది. దానికి బ్యాటరీ అయిపోయింది, లక్కపిడతల్లో వంట మాత్రం సాగుతూనే ఉంది.

ముగ్గుల_బామ్మ:
మనవరాలు టైపు చేసి పెడుతోంది. అందరూ వదిలేయండి, వదిలేయండి అంటున్నారు. అన్నీ వదిలేస్తే ఏం వస్తుంది నాయనా? దీనికి ఆరేళ్లప్పుడు పిండిచ్చి నీ ఇష్టం వచ్చిన ముగ్గు వేసుకోమన్నాను. వాకిలంతా తెల్లగా పూసి విసుగొచ్చి లేచిపోయింది. తర్వాత నెలలో 15 చుక్కలు, సందు చుక్క 8 వరకు పెట్టడం నేర్పాను. వరస తప్పితే చెరిపించాను, ఏడ్చింది కూడా. చుక్కలు కుదిరాక మాత్రం గీత నేను చెప్పలేదు. నేను అదే చుక్కల్లో తామరపూలు వేస్తాను, ఇది చేపలు వేసింది. నలభై ఏళ్లుగా వేస్తున్నాను, ఆ చుక్కల్లో చేపలున్నాయని నాకు కనబడలేదు.

బల్లపంతులు:
బామ్మగారూ, నమస్కారం. నా మాట సవరించుకుంటున్నాను. త్రిభుజం బిగుస్తుందని చెప్పలేదు గానీ, పుల్ల చీలకుండా ట్యూబులో ఎలా గుచ్చాలో నేనే చేయి పట్టి నేర్పాను. చుక్కలు మనవి, గీత వాళ్లది అనుకోవాలి.

నిజం_మాట్లాడతా:
బామ్మగారి మాట నాకు నచ్చింది. మా కార్నర్ ఎందుకు మునిగిందో ఇప్పుడర్థమైంది. సామాను పోశాం, కత్తెర పట్టడం కూడా నేర్పలేదు.

మియాపూర్_నాన్న:
మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలి కదా. సంతకం పెట్టేముందు రెండు శనాదివారాలు పిల్లల్ని ఆ ఖాళీ గదిలో వదిలాం. పాత దుప్పట్లు, అట్టలు, బట్టల క్లిప్పులు, ప్లాస్టిక్ బకెట్ ఇచ్చాం, కాస్త తాడు కూడా. మేమిద్దరం అక్కడే నేల మీద కూర్చున్నాం (నర్సుగారి మాట మర్చిపోలేదు). మా పాత ఇంట్లో మూడో అంతస్తు ముసలావిడ తాడుతో బకెట్ దించి తోపుడుబండి దగ్గర కూరగాయలు కొనేది. మావాడు అల్మారా పై అరకి తాడు వేసి అదే ఆట. వాడు పైన, పాప కింద బేరం. "కిలో ఎంత?" "పది అట్టలు." బకెట్ ఒకవైపు ఒరిగి బంగాళాదుంపలు దొర్లాయి. అలా ఏడెనిమిది సార్లయ్యాక అడుగున ఇటుక ముక్క పెడితే ఒరగదని వాడికే తట్టింది. ఇటుక బరువుకి పాప లాగలేకపోయింది. ఇద్దరికీ గొడవ. అక్కడ మాత్రం నేను నోరు మూసుకోలేకపోయాను పంతులుగారూ, క్షమించాలి.

కారు మంచం రద్దు. తలుపుల్లేని అరలు, నల్లగోడ, కొక్కేలు, రెండు మామూలు మంచాలు కలిపి 46,000 అయింది. నక్షత్రాల లైట్లు మా ఆవిడ వదల్లేదు, పెట్టించాం. నిజం చెప్పాలంటే బాగున్నాయి.

మావాడికి బ్రేకున్న ముంజబండి కథ చెప్పాను. అప్పటినుంచి రోజూ అదే గోల. ముంజలబ్బాయి రెండు కాయలు అలాగే ఇస్తానన్నాడు. మియాపూర్‌లో పంగలకర్ర ఎక్కడ దొరుకుతుందన్నా?

ఓరుగల్లు79:
కొనకు అన్నా. ఎల్లుండి హన్మకొండకెళ్లి వస్తున్న, వేపకర్ర కొట్టుకొస్త. రెండు తెస్త, పాపకొకటి. చెప్పు ముక్క మాత్రం మీ వాణ్ణే ఎతుక్కోమను.