సాయంత్రం క్లాసుకు వచ్చే ఆడపిల్లల చంటి తమ్ముళ్లను, చెల్లెళ్లను చూసుకునేదెలా?

కాకినాడ దగ్గర మత్స్యకారుల పేటలో మేం నలుగురం సాయంత్రం 6 నుంచి 7:30 దాకా పిల్లలకు ఉచితంగా చదువు చెబుతున్నాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా, అప్పుడు 26 మంది వచ్చేవారు. బోట్లు మళ్లీ సముద్రంలోకి వెళ్లాక 15 మందే మిగిలారు. మానేసినవాళ్లలో 8 మంది 10 నుంచి 13 ఏళ్ల ఆడపిల్లలు. తల్లులు చేపల గంపలతో ఊళ్లు తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి 8 అవుతుంది. అప్పటిదాకా చంటిపిల్లల్ని చూసుకోవాల్సింది వీళ్లే. చదువులోనూ వీళ్లే ముందుండేవాళ్లు, అందుకే వదలబుద్ధి కావడం లేదు.

చంటివాళ్లను కూడా తీసుకురమ్మన్నాం. ఒక పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని ఒంటిచేత్తో పలక మీద ఏడో ఎక్కం మొదలుపెట్టింది. వాడు ఏడుపు ఆపకపోతే పదో నిమిషంలో లేచి వెళ్లిపోయింది. పలక మాత్రం ఇక్కడే ఉంది, ఏడు నాలుగుల దగ్గర ఆగిపోయి. టైం 8కి మారుస్తామంటే చీకట్లో పంపించం అన్నారు తల్లులు. అంగన్‌వాడీ అప్పటికే మూసేస్తారు. నెలకు 1,000 రూపాయలకు ఒక పెద్దావిడ ఒప్పుకున్నారు గానీ, మోకాళ్ల నొప్పులతో రెండు వారాలకే మానేశారు.

ఇలాంటి క్లాసులు నడిపినవాళ్లు ఉంటే చెప్పండి: 1 నుంచి 4 ఏళ్ల పిల్లలు ఏడెనిమిది మందిని ఆ గంటన్నర చూసుకునే ఏర్పాటు నెలకు 1,500 రూపాయల లోపు మీరెలా చేశారు?