పాఠంలో ఆకు, తెర మీద ఈక: లుబుంటుకు ఇప్పటి పాఠాలు ఎక్కడ వెతకాలి?

చిత్తూరు అయ్యవారు:

నమస్కారం. ముప్పై ఒక్క ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఖాళీగా కూర్చోలేక శనివారం సాయంత్రాలు గ్రీమ్స్‌పేటలో ఒక గదిలో పన్నెండు మంది పిల్లలకు కంప్యూటర్ చెబుతున్నాను. అందరూ ఏడు, ఎనిమిది తరగతులవాళ్లు. ఛందస్సు చెప్పినంత ధైర్యంగా కంప్యూటర్ చెప్పలేనని ముందే ఒప్పుకుంటున్నాను.

గదిలో ఆరు యంత్రాలున్నాయి, ఒక్కోదానికి ఇద్దరు పిల్లలు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయిందని ఒక ఆడిటర్ ఆఫీసువాళ్లు నాలుగింటిని తీసేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. మిగిలిన రెండూ అంతకుముందు నుంచీ అక్కడే ఉన్నాయి. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అక్క మనవడు సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ నాలుగింటిలో విండోస్ బదులు లుబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేసి వెళ్లాడు. పాతవాటిలో ఎవరో అప్పటికే లుబుంటు వేసి ఉండటంతో వాటి జోలికి పోలేదు.

పాఠాల కోసం ఇంటర్నెట్‌లో వెతికాను. కొత్తవారికోసం రాసినది ఒకటి బొమ్మలతో సహా దొరికింది. పద్దెనిమిది పేజీలు. పన్నెండు ప్రతులు జిరాక్స్ తీయించాను, సొంత డబ్బు. ముందురోజు కిటికీ పక్కనున్న యంత్రం ముందు కూర్చుని మొదటి నాలుగు పేజీలు చేసి చూసుకున్నాను. పొల్లుపోకుండా సరిపోయింది.

మర్నాడు తరగతిలో "మెనూలో యాక్సెసరీస్ తెరిచి లీఫ్‌ప్యాడ్ నొక్కండి" అని చదివాను. ఎనిమిది మంది పిల్లలు తెర వంక, నా వంక మార్చి మార్చి చూస్తున్నారు. చివరికి ఒక అమ్మాయి లేచి, "ఆకు లేదు సార్, ఈక ఉంది" అంది. వెళ్లి చూస్తే నిజమే. రాసుకునే ప్రోగ్రాం లీఫ్‌ప్యాడ్ లేదు, దాని చోట ఫెదర్‌ప్యాడ్ ఉంది. తర్వాతి పేజీలో టెర్మినల్ (కమాండ్లు కొట్టే చోటు) పేరు వేరు, ఆ తర్వాత బొమ్మలు చూసేదాని పేరు వేరు. మిగిలిన నలుగురు మాత్రం చెప్పింది చెప్పినట్టు చేసి చేతులు కట్టుకుని కూర్చున్నారు. చురుకైన పిల్లలనుకుని అందరి ముందూ మెచ్చుకున్నాను కూడా.

గ్రాంథికంలో పాఠం చెప్పి వ్యావహారికంలో పరీక్ష పెట్టినట్టయింది నా పని. నేను అడిగేది ఇది: కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇప్పుడు తెర మీద ఉన్నదానికి సరిపోయే పాఠాలు ఎక్కడుంటాయి? చేతికి దొరికినది పాతదో కొత్తదో నాలాంటివాడు ఎలా పోల్చుకోవాలి? గూగుల్‌లో వెతకమని మాత్రం చెప్పకండి. ఆ పద్దెనిమిది పేజీలు అక్కడివే.

కొర్లగుంట రిపేర్లు:

అయ్యవారూ, నాది తిరుపతి. కంప్యూటర్లు బాగుచేయడమే బతుకుతెరువు. పాఠం సంగతి తర్వాత చూద్దాం. ఆ కిటికీ పక్కనున్నది మీ మనవడు వేసినవాటిలోదా, పాతదా? నలుగురు పిల్లలకు అన్నీ సరిపోయాయి అన్నారు. రెండు యంత్రాలకు నలుగురు. నాకు అక్కడే అనుమానం.

టెర్మినల్ తెరిచి, ఇంగ్లిషులో "క్యాట్" అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, "స్లాష్ ఈటీసీ స్లాష్ ఓఎస్ హైఫన్ రిలీజ్" అని చిన్న అక్షరాల్లో కొట్టండి. ఆరింటిలోనూ చూడండి. 24.04 అని వస్తే 2024 ఏప్రిల్‌ది. 18.04 అని వస్తే 2018 ఏప్రిల్‌ది. ఆ అంకెల్లోనే పుట్టిన ఏడూ నెలా ఉంటాయి.

లుబుంటు 2018 అక్టోబరులో, అంటే 18.10తో ఇల్లు మారింది. అంతవరకు ఎల్‌ఎక్స్‌డీఈ అనే డెస్క్‌టాప్ (తెర, మెనూల అమరిక), అప్పటి నుంచి ఎల్‌ఎక్స్‌క్యూటి. దాంతో లీఫ్‌ప్యాడ్ పోయి ఫెదర్‌ప్యాడ్ వచ్చింది, ఎల్‌ఎక్స్‌టెర్మినల్ పోయి క్యూటెర్మినల్ వచ్చింది, అబివర్డ్ స్థానంలో లిబ్రెఆఫీస్ వచ్చింది. ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాం కూడా మారి కాలమారెస్ అయింది. ఇంటి బయట పేరుపలక మాత్రం అదే, లుబుంటు. అందుకే వెతికితే రెండు కాలాలవీ కలిసి వస్తాయి. పోయినేటి పంచాంగం పట్టుకుని ఈ ఏటి ముహూర్తం పెడితే తిథి కలుస్తుందా?

నేనైతే ఏ పాఠం దొరికినా ముందు ఈ పేర్లకోసమే కళ్లతో జల్లెడ పడతాను. లీఫ్‌ప్యాడ్, ఎల్‌ఎక్స్‌టెర్మినల్ కనిపిస్తే మూసేస్తాను. మీ కాగితాల్లో ముందుకు తిప్పి చూడండి, ఎక్కడో ఒకచోట "జీకేఎస్‌యూ" అనే కమాండ్ ఉండాలి. దాన్ని 18.04లోనే తీసేశారు. అది ఉంటే మీ పాఠం ఆ కిటికీ పక్క యంత్రం కంటే కూడా పాతది.

పేర్లు కలవకపోతే పిల్లలు తికమకపడతారు, అంతటితో పోతుంది. కమాండ్లు కలవకపోతే యంత్రమే మంచం పడుతుంది. మొన్న ఒక లాడ్జి నుంచి గదుల లెక్కలు రాసే కంప్యూటర్ తెచ్చారు. ఎవరో పాత వీడియో చూసి సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి దించుకోవాలో చెప్పే జాబితాలో బయటి చిరునామా ఒక వరుసగా చేర్చారు. ఆ వరుసలో "బయోనిక్" అని ఉంది, అది 18.04 ముద్దుపేరు. యంత్రం 24.04ది, దాని ముద్దుపేరు "నోబుల్". అప్పటి నుంచి అప్‌డేట్ చేసినప్పుడల్లా తప్పు చూపిస్తోంది. ఒక్క వరుస తీసేస్తే బాగైంది కానీ, ఆ వరుస ఎక్కడుందో వెతకడానికి వాళ్లకు మూడు రోజులు, నాకు పది నిమిషాలు పట్టింది. నోబుల్, బయోనిక్ అన్న పేర్లు కూడా మీకు మొదట చూడమన్న ఓఎస్ రిలీజ్ ఫైలులోనే కనిపిస్తాయి, రాసి పెట్టుకోండి.

చిత్తూరు అయ్యవారు:

చూశాను. తల కొట్టుకున్నాను. కిటికీ పక్కది 18.04, తలుపు పక్కనున్న చిన్న ల్యాప్‌టాప్ కూడా 18.04. ఆడిటర్ ఆఫీసువి నాలుగూ 24.04. నా చురుకైన నలుగురు పిల్లల రహస్యం బయటపడింది. వాళ్లకు ఈ సంగతి చెప్పదలచుకోలేదు.

జీకేఎస్‌యూ ఏడో పేజీలో ఉంది. కిటికీ పక్కదానిలో కొట్టి చూస్తే అలాంటి కమాండ్ లేదని వచ్చింది. నేను నాలుగు పేజీలతో ఆగకపోతే ముందురోజే తెలిసేది.

ఎర్ర గంగమ్మ వీధి కుర్రాడు:

ఎందుకండీ ఇంత శ్రమ? ఏఐ చాట్‌ను అడిగితే పాఠం మొత్తం అదే రాసి ఇస్తుంది.

కొర్లగుంట రిపేర్లు:

తమ్ముడూ, అదీ చదివింది ఈ కలగూరగంపే. వెర్షన్ చెప్పకుండా అడిగి చూడు, సగం ఆకు, సగం ఈక కలిపి వడ్డిస్తుంది. అడగడం తప్పనను. 24.04 అని, డెస్క్‌టాప్ ఎల్‌ఎక్స్‌క్యూటి అని మొదటి వాక్యంలోనే చెప్పి అడుగు. ఇచ్చిన కమాండ్‌ను పిల్లల చేతికిచ్చే ముందు ఒకసారి నువ్వు కొట్టి చూడు.

పద్మావతి పూర్వ విద్యార్థిని:

మాస్టారూ, నేను పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదివాను. ఆ రోజుల్లో హాస్టల్‌లో 2 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌తో లుబుంటు మీదే నెగ్గుకొచ్చాను కాబట్టి మీ అవస్థ అర్థమైంది.

లుబుంటు తయారుచేసేవాళ్లే ఒక మాన్యువల్ రాస్తారు. చిరునామా మాన్యువల్ డాట్ లుబుంటు డాట్ మీ. చివర "మీ" ఉన్నదే అధికారిక స్థలం, తోక మారితే అనుమానించండి. అందులో దీర్ఘకాల మద్దతు (ఎల్‌టీఎస్) ఉన్న వెర్షన్‌కు ఒక ప్రతి, అన్నిటికంటే కొత్త విడుదలకు ఒక ప్రతి వేర్వేరుగా ఉంటాయి. మీరు ఎల్‌టీఎస్ అని ఉన్నవాటిలో మీ అంకె చూసుకుని చదవండి. 24.04కు 2027 ఏప్రిల్ వరకు మద్దతుంది, అంతవరకు మీ పాఠం చెడదు. ఆరు నెలలకొకసారి వచ్చే మధ్య విడుదలలకు తొమ్మిది నెలలే ఆయువు. తరగతి గదిలోకి వాటిని రానివ్వకండి.

నాకు ఇష్టమైన పాఠం మాత్రం యంత్రం లోపలే ఉంటుంది. టెర్మినల్‌లో "మ్యాన్" అని కొట్టి, ఖాళీ వదిలి, కమాండ్ పేరు కొట్టండి. దాని వివరణ వస్తుంది. అది ఆ కమాండ్‌తో కలిసి వచ్చినది కాబట్టి దానికి పాతబడే అవకాశం దాదాపు లేదు. బయటికి రావడానికి క్యూ నొక్కాలి. ఇది ముందే చెప్పండి. నేను మొదటిసారి బయటికి రావడం తెలియక ల్యాప్‌టాప్ ఆపేశాను! భాష ఇంగ్లిషు, అదీ ముళ్లకంప లాంటి ఇంగ్లిషు. పిల్లలకు కాదు గానీ, మీరు సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

ఆస్క్ ఉబుంటు లాంటి ప్రశ్నోత్తరాల సైట్లలో సమాధానాలు చదివేటప్పుడు ఓట్లు చూసి మోసపోకండి. పదేళ్ల కిందటి సమాధానానికి పదేళ్ల ఓట్లు పోగై ఉంటాయి. సరైనది చాలాసార్లు కింద నాలుగు ఓట్లతో బిక్కుబిక్కుమంటూ ఉంటుంది. తేదీ చూడండి, కింద వ్యాఖ్యలు చదవండి, "ఇప్పుడిది పనిచేయడం లేదు" అని ఎవరో ఒకరు రాసి ఉంటారు. ఉదాహరణకు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్. 22.04 నుంచి అది స్నాప్ అనే వేరే తరహా ప్యాకేజీ రూపంలో వస్తోంది. దాని సెట్టింగుల ఫైళ్లు ఉండే చోటు కూడా మారిపోయింది. 2022కు ముందు రాసిన సలహా పట్టుకుంటే లేని ఫోల్డరు కోసం వెతుకుతూ ఉంటారు. ఆర్చ్ లినక్స్ (లుబుంటు లాంటిదే ఇంకొకటి) వాళ్ల వికీ చాలా బాగుంటుంది, ఏ విషయం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి చదవండి. అందులోని ఇన్‌స్టాల్ కమాండ్లు మాత్రం వేరే కులానివి, మన దగ్గర పనిచేయవు.

తెలుగులో అంటారా, లుబుంటు 24.04కు సరిపోయే పిల్లల పాఠం నా కంటపడలేదు. మీరే రాయాలి మాస్టారూ. పద్దెనిమిది పేజీలు వద్దు. ఒక కాగితం. తెలుగు టైపింగ్‌తో మొదలుపెట్టండి, దానికి కొత్తగా ఏదీ దించుకోనక్కరలేదు. సెట్టింగుల్లో కీబోర్డు, మౌస్ అన్న చోట కీబోర్డు లేఅవుట్‌కు వెళ్లి, భారతీయ భాషల కింద తెలుగును చేర్చుకుంటే చాలు. ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల వరుస వస్తుంది. "చిత్తూరు" కొట్టాలంటే సెమికోలన్ చ, ఎఫ్ గుడి, ఎల్ త, డి పొల్లు, మళ్లీ ఎల్, టి కొమ్ముదీర్ఘం, జె ర, జి కొమ్ము. అచ్చు గుర్తులు దాదాపు అన్నీ ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడివైపు. ఒత్తు ఎలా పుడుతుందో నల్లబల్ల మీద చెప్పడం కంటే ఆ డి మీట బాగా చెబుతుంది. పోతన, వేమన ఫాంట్లు కావాలంటే ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీలో ఉన్నాయి.

కొర్లగుంట రిపేర్లు:

అమ్మ చెప్పినదానికి నేను కలపాల్సింది ఆ రెండు పాతవాటి గురించే. 18.04 లుబుంటుకు 2021 ఏప్రిల్‌తో మద్దతు అయిపోయింది. దాని మీద 24.04ను ఎక్కించే దారి లేదు, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని కొత్తగా వేయాలి. వేసే ముందు "ఎల్‌ఎస్‌సీపీయూ" అని కొట్టండి, ప్రాసెసర్ ఎన్ని బిట్లదో చూపిస్తుంది. పై వరుసల్లో 32, 64 రెండూ ఉంటే 24.04 వేయవచ్చు. 32 ఒక్కటే ఉంటే కుదరదు. 32 బిట్ లుబుంటుకు 18.10యే ఆఖరు.

చిత్తూరు అయ్యవారు:

కిటికీ పక్కదాని ప్రాసెసర్ కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్, రెండు అంకెలూ ఉన్నాయి. ఆదివారం ఫోనులో మనవడు చెబుతుంటే నేనే 24.04 వేశాను. ఫైర్‌ఫాక్స్‌లో మూడో పుట తెరిస్తే నిట్టూరుస్తోంది కానీ, తెలుగు టైపింగ్‌కు ఏ లోటూ లేదు. తలుపు పక్కనున్నదాని ప్రాసెసర్ ఆటమ్ ఎన్270, ర్యామ్ 1 జీబీ. 32 ఒక్కటే చూపించింది.

నిన్నటి తరగతిలో ఒక్క కాగితమే ఇచ్చాను. పైన "లుబుంటు 24.04కు మాత్రమే" అని, దాని కింద నేను సరిచూసిన తేదీ. ఈక కనిపెట్టిన అమ్మాయికి ఒక పని అప్పజెప్పాను: కాగితంలో రాసినదీ తెర మీద ఉన్నదీ ఎక్కడ తేడా వచ్చినా ఎర్ర సిరాతో దిద్దాలి. మొదటి గంటలోనే నాకు రెండు తప్పులు దొరికాయి, అంటే ఆ పిల్లకు దొరికాయి. ఒకటి మెనూ పేరు, రెండోది నా అక్షరదోషం. రెండో దానికే ఎక్కువ సంతోషించింది.

చిత్తూరు, కాణిపాకం, పలమనేరు అని టైపు చేయించాను. "శ్రీకాళహస్తి" దగ్గర శ్రీ ఎలా వస్తుందని అందరూ ఆగిపోయారు. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని విడదీసి చెప్పమన్నాను, చెప్పారు, వచ్చింది. ఇది నాకు తెలిసిన పాఠమే కదా! పాత జిరాక్స్ కాగితాల వెనకవైపు తెల్లగానే ఉంది, అక్కడే రాసుకుంటున్నారు.

రిపేర్లు గారూ, ఆ ఆటమ్‌కు ఏదైనా దారి ఉందా?

కొర్లగుంట రిపేర్లు:

ఉంది. యాంటిక్స్ 23 అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టంకు 32 బిట్ ప్రతి ఉంది, డెబియన్ 12 అనే లినక్స్ మీద కట్టినది. 1 జీబీకి టైపింగ్ వరకు సరిపోతుంది, వీడియోలు అడగకండి. ఒక మాట ముందే చెబుతున్నాను: దాని తెర వేరు, మెనూ వేరు. మీ ఒక్క కాగితం దానికి పనికిరాదు, ఇంకోటి రాయాలి. బుధవారం తిరుపతి వస్తే అరగంటలో వేసిస్తాను. చార్జరు తప్పకుండా తెండి, ఆ సన్న పిన్నుది నా దగ్గర లేదు.