కార్పెట్ తీసేసి కాంక్రీటు మీద హైబ్రిడ్ ఫ్లోరింగ్: తెలిసినవాళ్లు సలహా ఇవ్వండి

మా అపార్ట్‌మెంట్‌లో కార్పెట్ బాగా పాతబడింది. ఎంత శుభ్రం చేసినా దుమ్ము పోదు, అమ్మకేమో ఆస్తమా. అందుకే అది పీకేసి హైబ్రిడ్ పలకలు (రాతిపొడి, పీవీసీ కలిపి చేసేవి, అంచులు ఒకదానిలో ఒకటి బిగుసుకునే క్లిక్ రకం) మేమే వేసుకుందామనుకుంటున్నాం. బడ్జెట్ తక్కువ.

ఒక మూల కార్పెట్ ఎత్తి చూశాను. గోడ వెంట మేకులు తేలిన చెక్కపట్టీ ఉంది. దాన్ని ఊడదీస్తే మేకు దిగిన ప్రతిచోటా కాంక్రీటు పెచ్చు లేచి వస్తోంది. ఆ గుంటలు పూడ్చుకోగలం. అసలు బాధ తలుపు దగ్గరి ఉబ్బుతో. 2 మీటర్ల బద్ద పెడితే ఒక పక్క 5 మి.మీ. సందు కనిపిస్తోంది. ఈ పలకలకు సాధారణంగా 3 మి.మీ. దాటకూడదంటారు. ఉబ్బును గ్రైండర్‌తో అరగదీయాలా, లేక చుట్టూ సెల్ఫ్ లెవెలింగ్ మిశ్రమం (పోస్తే దానంతటదే చదునుగా పరుచుకుని గట్టిపడేది) పోయాలా? అమ్మ ఇంట్లో ఉండగా గ్రైండింగ్ దుమ్ము అంటేనే టెన్షన్‌గా ఉంది.

రెండోది చప్పుడు. కింద ఇంట్లో పసిపాప ఉంది, వాళ్లకు ఇబ్బంది కలిగించడం నాకు ఇష్టం లేదు. పలక అడుగున పల్చటి ఫోమ్ అతికించే వస్తోంది. దాని కింద ఇంకో పొర వేస్తే మెత్తదనానికి క్లిక్ జాయింట్లు విరుగుతాయని విన్నాను, నిజమేనా?

తేమ కోసం ప్లాస్టిక్ షీటు అంచులకు టేపు వేసి ఒక రోజంతా ఉంచాను, చెమ్మ పట్టలేదు. ఇది చాలా, లేక తేమ కొలిచే మీటరుతో కూడా చూడాలా?

పలకల్లో అరుగుదలను తట్టుకునే పై పొర 0.3 మి.మీ. ఉన్నవి చవక, 0.5 ఉన్నవి ఖరీదు. బెడ్‌రూముకు 0.3 సరిపోతుందనుకుంటున్నా. వాడినవాళ్లు చెప్పండి.