పెరటి చెట్టు అచ్చులు: బ్లాకు ఒకటా, నాలుగా?

కొమ్మరెమ్మ: మా పెరటి బాదం చెట్టును ఏడాది పొడుగునా లినో అచ్చులుగా (లినోలియం పలకను చెక్కి, ఇంకు పూసి కాగితం మీద వేసేవి) వేద్దామనుకుంటున్నాను. చెక్కే పలక, అంటే బ్లాకు, ఒక్కటే. ముందు నిండా ఆకులతో చెక్కి 20 కాగితాలు వేస్తాను. ఆకులు ఎర్రబడి రాలే సమయానికి బ్లాకులో కొన్ని ఆకులు చెక్కేసి, మిగిలినవాటికి ఎరుపు ఇంకు పూసి ఇంకో 20. తర్వాత మోడు. ఎలా ఉంటుందంటారు?

ఉలిపిడి: వద్దండి. మోడయ్యాక చిగురు ఎక్కడి నుంచి తెస్తారు? చెక్కేసిన లినో మళ్లీ మొలవదు. ఋతువుకో బ్లాకు చెక్కండి.

కొమ్మరెమ్మ: చిగురుకు చిన్న ముక్క వేరే చెక్కి, మోడు అచ్చు మీద అద్దుతాను.

ఉలిపిడి: అంటే రెండు బ్లాకులు. మీ మాట అప్పుడే పోయింది.

సిరామరక: రిజిస్ట్రేషన్ పిన్నులు (రెండో అచ్చు సరిగ్గా మొదటిదాని మీదే పడేలా కాగితాన్ని పట్టి ఉంచేవి) పెట్టుకోండి. లేకపోతే చిగురు కొమ్మకు కాక గాల్లో వేస్తుంది :)

లెక్కలమాస్టారు: 20 అంటే మొత్తమా, ఋతువుకా? మోడు చెక్కాక ఆకుల అచ్చు ఒకటి పాడైతే మళ్లీ వేయలేరు.

కొమ్మరెమ్మ: ఋతువుకు. పాడయ్యేవాటికి ఓ అయిదు ఎక్కువ వేస్తా.

లెక్కలమాస్టారు: అప్పుడు 25 కదా?

ఉలిపిడి: నేనూ ఒకప్పుడు ఒకే బ్లాకుతో, రంగులు మార్చి, నాలుగు అచ్చులు ప్రదర్శనకు పంపాను. "ఇది ఒకటే పని" అని మూడు తిప్పి పంపారు. అప్పటి నుంచి ప్రతిదానికీ కొత్త బ్లాకే. అయినా మాను కూడా మారుతుందండీ, వానకు బెరడు నల్లబడుతుంది. మీ బ్లాకులో అది ఏడాదంతా కదలదు. అంటే చెట్టును మీరు ఒక్కసారే చూశారు.

కొమ్మరెమ్మ: నాలుగు నెలలుగా రోజూ పొద్దున్నే దాని బొమ్మ గీస్తున్నాను, చూడలేదంటారేంటి? మాను కదలకుండా ఉంటేనే ఆకు పోయిన చోటు కనిపిస్తుంది. నాక్కావలసింది అదే.

ఉలిపిడి: సాకు. చెక్కడానికి బద్ధకం.

కొమ్మరెమ్మ: బద్ధకమా? నా కుడి మణికట్టుకు ఆపరేషన్ అయింది. అరగంట ఉలి పడితే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఒక్క బ్లాకుకే మూడు వారాలు. ఇదంతా ఇక్కడ చెప్పుకోవాల్సి వస్తుందనుకోలేదు.

సిరామరక: ఉలిపిడి గారూ, జపాన్ ఉకియో-ఎ చెక్క అచ్చుల్లో గీసేది ఒకరు, చెక్కేది ఒకరు, అచ్చు వేసేది ఇంకొకరు. అక్కడి చిత్రకారుడు హిరోషిగే 1857 నాటి ప్లమ్ తోట అచ్చును డచ్ చిత్రకారుడు వాన్ గో 1887లో నూనె రంగుల్లో దించుకున్నాడు. ఎవరి చెయ్యి ఎంత నొప్పి పుట్టిందని అడిగి దించుకోలేదుగా.

ఉలిపిడి: చేతి సంగతి తెలియక అన్నాను, తప్పే. కానీ ఒకటి చెప్తాను. ఆ మూడూ వెనక్కొచ్చాక చెక్కిన బ్లాకులతో అలమర నిండిపోయింది. వాటిలో ఒక్కటీ ఆ మొదటిదానంత బాగా రాలేదు. ఇప్పుడు మీరొచ్చి ఒక్కటి చాలంటే, ఈ తొమ్మిదేళ్లు నేనేం చేసినట్టు?

కొమ్మరెమ్మ: ఆ మొదటి బ్లాకు ఇంకా ఉందా?

ఉలిపిడి: ఉంది. ఎండిపోయి అంచులు పెళుసెక్కాయి.

సిరామరక: హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేసి చూడండి, మెత్తబడుతుంది.

లెక్కలమాస్టారు: ఇంతకీ అచ్చుల కింద మొత్తం సంఖ్య 20 అని రాస్తారా, 25 అనా?