ట్రిప్సిన్ డైజెస్ట్‌లో 44 తేడాతో పీకుల వరస: ఎక్కడ పట్టుకోవాలి?

ప్రశ్న (డైజెస్ట్_బెంచ్)
కణాల్ని 1% ట్రైటాన్ ఎక్స్-100 (డిటర్జెంట్) ఉన్న బఫర్‌లో లైసిస్ చేసి (పగలగొట్టి), చల్లటి అసిటోన్‌తో ప్రొటీన్‌ని దింపి, దాన్ని పెప్టైడ్ ముక్కలుగా కోసే ట్రిప్సిన్ ఎంజైమ్ వేసి, సి18 టిప్‌తో (నీటికి దూరంగా ఉండే అణువుల్ని పట్టుకునేది) డీసాల్ట్ చేస్తున్నాం, అంటే లవణాలు తీసేస్తున్నాం. ఎల్‌సీ-ఎంఎస్‌లో (కాలమ్‌లో వేరుచేసి ద్రవ్యరాశి కొలిచే యంత్రం) 500–900 ఎం/జెడ్ (ద్రవ్యరాశి/ఆవేశం) మధ్య 44.03 తేడాతో ఒక వరస, 22.01 తేడాతో ఇంకో వరస కనిపిస్తున్నాయి. దొరికే పెప్టైడ్లు బాగా తగ్గిపోయాయి. సి18 రెండోసారి చేసినా పోవట్లేదు.

జవాబు (అయాన్_ట్రాప్)
రెండు వరసలూ ఒకటే: 44.03 ఒక చార్జిది, 22.01 రెండు చార్జీలది. అది ఇథిలీన్ ఆక్సైడ్ యూనిట్. పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్), ట్రైటాన్, ట్వీన్, ఎన్‌పీ-40 డిటర్జెంట్లు అన్నిట్లోనూ ఉంటుంది. గాలిలోంచి వచ్చే సిలాక్సేన్ (సిలికోన్ పదార్థం) అయితే తేడా 74.02 ఉండి, 445.12 దగ్గర పీకు పడేది.

సి18 ఎన్నిసార్లు చేసినా లాభం లేదు. ఈ డిటర్జెంట్ కూడా పెప్టైడ్లలాగే సి18కి అతుక్కుని, అసిటోనైట్రైల్ పోయగానే వాటితోపాటే దిగుతుంది.

జవాబు (బ్లాంక్_ముందు)
అనుమానం ట్రైటాన్ మీదే, కానీ రుజువు చేసుకోండి. కణాలు లేని రెండు ట్యూబులు, ఒకటి ట్రైటాన్ ఉన్న బఫర్‌తో, ఒకటి లేనిదానితో, మొదటి నుంచి చివరి దాకా నడపండి. ట్రైటాన్ లేనిదాంట్లోనూ వరస వస్తే గాజుసామాను చూడండి. ఎల్‌సీ సాల్వెంట్ సీసాల్ని సబ్బుతో కడగనే కూడదు. ఆ పొర ఎన్ని నీళ్లు పోసినా పూర్తిగా వదలదు. బ్లాట్ల (ప్రొటీన్‌ని పొర మీదికి ఎక్కించి చూసే పరీక్ష) కోసం ట్వీన్ పోసిన ట్రేలో జెల్ కడిగినా ఇదే గతి.

డైజెస్ట్_బెంచ్
ఇప్పటికే డైజెస్ట్ అయిపోయిన శాంపిళ్ల సంగతి?

జవాబు (అయాన్_ట్రాప్)
ఎస్‌సీఎక్స్ టిప్ (ధనావేశం ఉన్నవాటిని పట్టుకునేది) వాడండి. పీహెచ్ 3 కంటే తక్కువకి దించితే పెప్టైడ్లు ధనావేశంతో పట్టుకుంటాయి, ఆవేశం లేని ట్రైటాన్ కిందికి పోతుంది. అసిటోనైట్రైల్ కలిపిన ఆమ్లద్రావణంతో కడగండి, లేకపోతే కొంత మిగిలిపోతుంది. 80% అసిటోనైట్రైల్‌లో 5% అమోనియాతో దించి, వెంటనే ఆరబెట్టండి.

కొత్త శాంపిళ్లకి ఎస్‌పీ3 (ప్రొటీన్‌ని అయస్కాంత పూసల మీద శుభ్రం చేసే పద్ధతి) మేలు: కనీసం 50% ఇథనాల్‌లో ప్రొటీన్ పూసలకి అంటుకుంటుంది, 80% ఇథనాల్‌తో 3 సార్లు కడిగితే డిటర్జెంట్ పోతుంది. ట్రైటాన్ తప్పనిసరి కాకపోతే 1% సోడియం డీఆక్సీకోలేట్ అనే ఇంకో డిటర్జెంట్‌కి మారండి. డైజెషన్ అయ్యాక 1% టీఎఫ్‌ఏ (ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం) కలిపితే అది తెల్లగా గడ్డకడుతుంది, సెంట్రిఫ్యూజ్ చేసి పై ద్రవం తీసుకోవచ్చు. ఈలోగా కాలమ్‌ని ఖాళీ రన్లతో కడగండి, పాత ట్రైటాన్ తర్వాతి శాంపిళ్లలోనూ కారుతూనే ఉంటుంది.