అప్‌డేట్: చిన్న బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకూ చేత్తో పిడి లాగి నింపే) రైఫిల్ కొన్నాను

టెక్సస్‌లో తక్కువ ఖర్చుతో గురి సాధనకూ, ఉడతలు, కుందేళ్ల వేటకూ పనికివచ్చే పొట్టి రైఫిల్ ఏదని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

సీజెడ్ 457 స్కౌట్ అనే రైఫిల్ చెక్క బట్టు (భుజానికి ఆనించే భాగం) నా మనసును బాగా లాగినా, చివరికి .22 లాంగ్ రైఫిల్ తూటాలు పేల్చే రూగర్ అమెరికన్ రిమ్‌ఫైర్ కాంపాక్ట్‌నే తీసుకున్నాను. దాని గొట్టం 18 అంగుళాలే కావడం వల్ల నాతోపాటు సాధన చేసే మా అమ్మాయికి కూడా అది సులువుగా అందుతోంది. పైగా మా బావగారి రూగర్ 10/22 రైఫిల్‌లోని పది తూటాల మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) దీనికీ సరిపోతుంది.

ఒకే ధరలో దొరికే మూడు రకాల తూటాలను 50 గజాల దూరంలో పేల్చి చూస్తే, లక్ష్యంపై రంధ్రాల గుంపు ఒక్కొక్కదానికి ఒక్కోలా పడింది. అందువల్ల పెట్టెలకు పెట్టెలు కొనేముందు మీ గొట్టానికి ఏది నప్పుతుందో తప్పక పరీక్షించండి.

జింకల వేటకూ ఇదే చాలుతుందనుకోవడం నా పొరపాటు. టెక్సస్‌లో వాటిపై రిమ్‌ఫైర్ (.22 లాంటి, అడుగు అంచున దెబ్బ తగిలితే పేలే) తూటాలు వాడకూడదు, వాడినా ఆ జంతువును హింసించినట్లే అవుతుంది. అందుకోసం వచ్చే ఏడాది ఇంకా బలమైన .243 విన్‌చెస్టర్ తూటాలు పేల్చే రైఫిల్ కొంటాను.

ఇంత చిన్న తూటా కూడా మైలు దాటి వెళ్లగలదు కనుక, వెనుక మట్టి దిబ్బ లేని చోట మేము పేల్చడం లేదు.