అప్‌డేట్: ఎల్ఎల్ఆర్ మీద మొదటి క్రూజర్, మీటియోరా అవెంజరా?

నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, చేతిలో ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్స్) ఉంది, నడిపేది హైదరాబాద్ ట్రాఫిక్‌లో. మొదటి క్రూజర్ బైక్‌గా రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియోర్ 350, బజాజ్ అవెంజర్‌లలో ఏది మేలని ఇంతకుముందు పోస్టులో అడిగాను. మీటియోర్ 350 ఖాయం చేశా.

సీటు 765 మి.మీ., రెండు పాదాలూ నేలకు ఆనుతాయి. అవెంజర్ సీటు ఇంకా కిందికే, బరువూ తక్కువే. కానీ దాని వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) పొడవు, ఇరుకు యూటర్న్‌లో విసిగిస్తుంది. 191 కిలోల మీటియోర్ కదిలితే బరువు తెలీదు. పార్కింగ్‌లో వెనక్కి నెట్టేటప్పుడే తెలుస్తుంది, అందుకే పల్లానికి ముందు చక్రం పెట్టి ఆపొద్దు.

జూబ్లీహిల్స్ ఎత్తుల్లో ఆగితే ఎడమ కాలు కింద, కుడి కాలు వెనక బ్రేక్ మీద. క్లచ్ మెల్లగా వదులుతూ, ఇంజిన్ శబ్దం కాస్త బరువెక్కగానే యాక్సిలరేటర్ ఇచ్చి బ్రేక్ వదలాలి. నెమ్మదిగా తిరిగేటప్పుడు హ్యాండిల్ వంచి ఉండగా ముందు బ్రేక్ పట్టుకుంటే బండి అటే ఒరిగిపోతుంది. అక్కడ వెనక బ్రేకే.

ఫుట్‌పెగ్‌లు (కాళ్లు పెట్టుకునే కడ్డీలు) ముందుకుంటాయి కాబట్టి గుంతల్లో లేచి నిలబడటం కష్టం, దెబ్బంతా నడుముకే. ముందే వేగం తగ్గించడమే దారి.

ఫ్రెండ్‌ని ఎక్కించుకోవచ్చా అన్నవాళ్లకు: ఎల్ బోర్డు ఉన్నంతకాలం కుదరదు. పర్మనెంట్ లైసెన్స్‌కి ఎల్ఎల్ఆర్ వచ్చాక 30 రోజులు ఆగాలి.

లెగ్ గార్డ్ మాత్రం మొదటి రోజే వేయించండి అన్నా.